వీఎంలో గడియారం: ఎవరు లెక్కపెడతారు, ఎవరు దిద్దుతారు

సర్వర్‌లో టైమ్ తప్పిందన్న సంగతి గడియారం చూసి ఎవరూ పట్టుకోరు. ముందు ఇంకేదో పాడవుతుంది. పాస్‌వర్డ్ సరైనదే అయినా డొమైన్ లాగిన్ కాదు. ఇవాళే తీసుకున్న సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదని ప్రోగ్రాం మొరాయిస్తుంది. ఫోన్‌లో కనిపించే ఆరంకెల కోడ్ ఎన్నిసార్లు కొట్టినా తప్పంటుంది. రెండు మెషీన్ల లాగ్‌లు పక్కపక్కన పెడితే జవాబు ముందు వచ్చి, ప్రశ్న తర్వాత వెళ్లినట్టు కనిపిస్తుంది. డొమైన్ లాగిన్‌లని సరిచూసే కెర్బెరాస్ మామూలుగా ఒప్పుకునే తేడా 5 నిమిషాలు. ఓటీపీ యాప్‌లో ఒక కోడ్ బతికేది 30 సెకన్లు. ఆ హద్దు దాటేదాకా టైమ్ తప్పు ఎవరి కంటా పడదు. దాటాక కూడా అనుమానం ముందు పాస్‌వర్డ్ మీదికో, నెట్‌వర్క్ మీదికో వెళ్తుంది గానీ గడియారం మీదికి వెళ్లదు.

అసలు మెషీన్లలోనూ టైమ్ తప్పుతుంది. కాకపోతే వర్చువల్ మెషీన్లలో (వీఎంలు, అంటే అసలు మెషీన్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మెషీన్లు) అది తప్పే దారులు వేరు. కింద ఉన్న అసలు మెషీన్ హోస్ట్, లోపలి వీఎం గెస్ట్, వీఎంలని నడిపే సాఫ్ట్‌వేర్ హైపర్‌వైజర్. గడియారం రోజుకి కొంచెం చొప్పున పక్కకి జరగడం ఒక తప్పు. గడియారం కొంతసేపు పూర్తిగా ఆగిపోయి, ఆగిన సంగతే తెలియకుండా మళ్లీ నడవడం ఇంకో తప్పు. నెట్‌వర్క్ మీది టైమ్ సర్వర్‌ని అడిగి గడియారాన్ని దిద్దే ఎన్‌టీపీ మొదటిదాని కోసం పుట్టింది. రెండోది వీఎంలకి రోజువారీ వ్యవహారం. స్నాప్‌షాట్ (వీఎం ఒక క్షణాన ఉన్న స్థితిని దాచి, కావాలంటే తిరిగి దానికి వెళ్లడం), సస్పెండ్, లైవ్ మైగ్రేషన్ (నడుస్తుండగానే వీఎంని ఇంకో హోస్ట్‌కి మార్చడం), ల్యాప్‌టాప్ మూత వేయడం, అన్నీ ఆ కోవలోవే. 'ఎన్‌టీపీ పెట్టేశాం కదా' అన్న ఒక్క జవాబుతో ఈ రెంటినీ తేల్చేయబోవడం వల్లే వీఎంల టైమ్ సమస్యలు తెగకుండా సాగుతుంటాయి.

లెక్క ఎలా నడుస్తుంది

పీసీలో కాలాన్ని కొలిచేవి చాలా ఉన్నాయి. మదర్‌బోర్డు మీద బ్యాటరీతో నడిచే ఆర్‌టీసీ అనే గడియారం ఉంది. దాని క్రిస్టల్ సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. 1,193,182 హెర్ట్జ్ దగ్గర నడిచే పాత పిట్ టైమర్ ఉంది. ఏసీపీఐ పీఎం టైమర్ వేగం 3.579545 మెగాహెర్ట్జ్. ఆ తర్వాత హెచ్‌పెట్ అనే టైమర్ వచ్చింది. ఇవి కాక 1993 నాటి పెంటియం నుంచి ప్రాసెసర్ లోపలే టీఎస్‌సీ అనే 64 బిట్ల కౌంటర్ ఉంటోంది. ఆపరేటింగ్ సిస్టమ్ బూట్ అయ్యేటప్పుడు ఆర్‌టీసీని చూసి తేదీ, టైమ్ తీసుకుంటుంది. అక్కణ్ణించి వేరే టైమర్లో, కౌంటర్లో ఆసరాగా తన గడియారాన్ని తనే నడుపుకుంటుంది.

పాత పద్ధతిలో ఈ నడక టిక్‌ల మీద ఆధారపడేది. టైమర్ సెకనుకి ఇన్నిసార్లని ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం) కొడుతుంది, అది కొట్టినప్పుడల్లా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఒకటి కలుపుకుంటుంది. పీసీల మీద లైనక్స్ 2.4లో సెకనుకి 100 టిక్‌లు. 2.6 వచ్చేసరికి 1000 అయ్యాయి. 2.6.13 నుంచి డిఫాల్ట్ 250కి దిగింది. అసలు మెషీన్ మీద ఈ పద్ధతి బాగానే నడిచింది. వీఎంలో ఎందుకు నడవలేదో తెలియాలంటే వర్చువల్ సీపీయూ అంటే ఏమిటో గుర్తుంచుకోవాలి. హోస్ట్ దృష్టిలో అది ఒక మామూలు థ్రెడ్. హోస్ట్ దాన్ని 20 మిల్లీసెకన్లు పక్కన పెట్టి ఇంకో వీఎంని నడిపితే, 1000 టిక్‌ల కెర్నల్‌కి ఆ వ్యవధిలో 20 టిక్‌లు రావాలి. పక్కన కూర్చున్న సీపీయూ వాటిని అందుకోలేదు. పైగా అలాంటి వీఎంలు 20 ఉంటే, ఏ పనీ లేకపోయినా హోస్ట్ మీద సెకనుకి 20,000 ఇంటరప్ట్‌లు పుట్టించాలి.

తప్పిపోయిన టిక్‌లని ఏం చేయాలన్నది హైపర్‌వైజర్ నిర్ణయం. పోతే పోయాయని వదిలేస్తే గెస్ట్ గడియారం వెనకబడుతుంది. సీపీయూ దొరకగానే బాకీ టిక్‌లన్నీ గబగబా కొడితే గడియారం పరిగెత్తి అందుకుంటుంది. వీఎంవేర్ హైపర్‌వైజర్ ఈ రెండో దారి పట్టింది. అయితే అప్పటి కొన్ని లైనక్స్ కెర్నళ్లు టిక్‌లు తప్పాయని టీఎస్‌సీని చూసి తమంతట తామే పట్టుకుని ఆ లోటు కలిపేసుకునేవి. కింద హైపర్‌వైజర్ కలుపుతుంది, పైన కెర్నలూ కలుపుతుంది. ఒకరికి తెలియకుండా ఒకరు ఉప్పు వేసిన పులుసులా తయారై, గెస్ట్ గడియారం అసలు కాలం కన్నా ముందుకి పోయేది. ఎన్‌టీపీ వెనక్కి లాగుతూనే ఉండేది, అది మళ్లీ ముందుకి పోతూనే ఉండేది.

ఇప్పటికీ, లైనక్స్ మీద వీఎంలని నిర్వహించే లిబ్‌వర్ట్‌లో వీఎం నిర్వచించే ఎక్స్‌ఎంఎల్ ఫైలు తెరిస్తే ఆ రోజుల గుర్తులు కనిపిస్తాయి. క్లాక్ అనే విభాగం కింద ఆర్‌టీసీకి టిక్‌పాలసీ 'క్యాచప్' అనీ, పిట్‌కి 'డిలే' అనీ, హెచ్‌పెట్‌కి ప్రెజెంట్ 'నో' అనీ రాసి ఉంటుంది. ఈ మూడు వరుసలూ అర్థం తెలియకుండానే ఒక వీఎం నుంచి ఇంకో వీఎంకి కాపీ అవుతుంటాయి. క్యాచప్ అంటే బాకీ టిక్‌లు వేగంగా ఇవ్వడం. డిలే అంటే ఆలస్యమైనా మామూలు వేగంతోనే ఇవ్వడం. ఆర్‌టీసీకి క్యాచప్ కావాల్సింది ముఖ్యంగా విండోస్ గెస్ట్‌ల కోసం, ఎందుకంటే విండోస్ తన టిక్‌లకి ఆర్‌టీసీ ఇంటరప్ట్‌ని వాడుకునే సందర్భాలున్నాయి. ఇప్పటి లైనక్స్ టిక్‌ల లెక్క మీద బతకడం లేదు. 2007లో వచ్చిన 2.6.21 నుంచి ఖాళీగా ఉన్న సీపీయూ మీద టిక్‌లే ఆగిపోతాయి. కాలం ఎంతైందో కావాలన్నప్పుడు కౌంటర్‌ని చదివి తెలుసుకోవడమే ఇప్పటి పద్ధతి.

ఒక్క పేజీ మెమరీ

అయితే చదవాల్సిన కౌంటర్ ఏది? టీఎస్‌సీని చదవడానికి ఒక్క ఇన్‌స్ట్రక్షన్ చాలు, హైపర్‌వైజర్ గడప తొక్కనక్కర్లేదు. గెస్ట్‌కి సున్నా నుంచి మొదలైనట్టు కనిపించడానికి ప్రాసెసరే ఒక ఆఫ్‌సెట్ కలిపి ఇస్తుంది. చిక్కంతా వీఎం ఇల్లు మారినప్పుడు వస్తుంది. టీఎస్‌సీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర నడిచే హోస్ట్ మీద బూట్ అయిన గెస్ట్, సెకనుకి 240 కోట్ల లెక్కలని మనసులో పెట్టుకుంటుంది. దాన్ని లైవ్ మైగ్రేషన్‌లో 2.6 గిగాహెర్ట్జ్ హోస్ట్‌కి మారిస్తే, ఏ సర్దుబాటూ లేకపోతే, దాని గడియారం గంటకి 5 నిమిషాల చొప్పున ముందుకి పోతుంది. ఎన్‌టీపీ దిద్దగలిగే స్థాయి కాదది. కొత్త ప్రాసెసర్లలో టీఎస్‌సీ స్కేలింగ్ ఉంది కాబట్టి హోస్ట్ ఆ వేగాన్ని పాత వేగంలా చూపించగలదు. వేగం మారని టీఎస్‌సీని గెస్ట్‌కి చూపిస్తూ దాని వేగం ఎంతో రాయకపోతే, వీఎంలని నడిపే క్యూఈఎంయూ ప్రోగ్రాం లైవ్ మైగ్రేషన్‌కి ఒప్పుకోదు. మొండితనంలా అనిపించే ఆ నిరాకరణ వెనక ఉన్నది ఈ గంటకి 5 నిమిషాల లెక్కే.

లైనక్స్ కెర్నల్‌లోనే ఉండే హైపర్‌వైజర్ కేవీఎం. అది దీనికి కనిపెట్టిన దారి కేవీఎం-క్లాక్. ఇది కొంచెం దగ్గరగా చూడదగ్గది. గెస్ట్ తన మెమరీలో ఒకచోట చూపించి, ఇక్కడ రాయమని హోస్ట్‌కి చెబుతుంది. హోస్ట్ అక్కడ కొన్ని అంకెలు పెడుతుంది. ఫలానా క్షణాన టీఎస్‌సీ విలువ ఇంత, అదే క్షణాన గెస్ట్ కాలం ఇన్ని నానోసెకన్లు, టీఎస్‌సీ లెక్కలని నానోసెకన్లలోకి మార్చడానికి గుణకం ఇంత, బిట్లు ఇటో అటో జరపాల్సింది ఇంత. టైమ్ కావాల్సినప్పుడు గెస్ట్ టీఎస్‌సీ చదివి, హోస్ట్ రాసిన విలువ తీసేసి, మిగిలినదాన్ని గుణించి, హోస్ట్ చెప్పిన నానోసెకన్లకి కలుపుకుంటుంది. ఈ లెక్కంతా గెస్ట్‌లోనే అయిపోతుంది.

ఆ అంకెల పక్కనే వెర్షన్ అనే ఇంకో అంకె ఉంటుంది. హోస్ట్ మార్పులు మొదలుపెట్టే ముందు దాన్ని బేసి సంఖ్య చేస్తుంది, అయ్యాక సరి సంఖ్య చేస్తుంది. గెస్ట్ చదవడానికి ముందు ఆ అంకె చూసుకుంటుంది, చదివాక మళ్లీ చూసుకుంటుంది. బేసి ఉన్నా, రెండుసార్లకీ మధ్య మారిపోయినా, చదివింది పారేసి మొదటి నుంచి చదువుతుంది. సగం పాత అంకెలు, సగం కొత్త అంకెలు కలిసిపోయి తప్పు టైమ్ పుట్టకుండా ఒక్క కౌంటర్ అడ్డుపడుతోంది. హోస్ట్ మారినా, టీఎస్‌సీ వేగం మారినా, హోస్ట్ కొత్త గుణకం రాసేస్తే సరిపోతుంది. గెస్ట్ మనసులో పెట్టుకున్న 240 కోట్ల లెక్కతో ఇక పనిలేదు. జెన్ అనే ఇంకో హైపర్‌వైజర్‌లో ముందు నుంచీ ఉన్న పద్ధతి ఇదే. మైక్రోసాఫ్ట్ హైపర్‌వైజర్ హైపర్‌-వీ కూడా ఇలాంటి పేజీ ఒకటి ఇస్తుంది, అందులో కాలం 100 నానోసెకన్ల ముక్కల్లో ఉంటుంది. విండోస్ గెస్ట్‌ని కేవీఎం మీద నడిపేవాళ్లు లిబ్‌వర్ట్‌లో 'హైపర్‌వీక్లాక్' అనే టైమర్‌ని 'ఎస్' చేయడం మరిచిపోకూడదు. అది లేకపోతే ఈ సౌకర్యం విండోస్‌కి అందదు.

ఏ క్లాక్‌సోర్స్ (కెర్నల్ కాలం చదువుకునే కౌంటర్) నడుస్తోందో గెస్ట్‌లో తెలుసుకోవడం తేలిక. సిస్ డైరెక్టరీ కింద డివైసెస్, అందులో సిస్టమ్, అందులో క్లాక్‌సోర్స్ దగ్గర 'కరెంట్ క్లాక్‌సోర్స్' అనే ఫైలులో ఒక్క మాట ఉంటుంది. కేవీఎం గెస్ట్‌లో అది కేవీఎం-క్లాక్ గానీ టీఎస్‌సీ గానీ అయి ఉండాలి. రెండూ మంచివే. టీఎస్‌సీ నమ్మదగ్గదని కెర్నల్‌కి తోస్తే కేవీఎం-క్లాక్ తన రేటింగ్‌ని 299కి తగ్గించుకుని, 300 ఉన్న టీఎస్‌సీకి చోటిస్తుంది. భయపడాల్సింది అక్కడ హెచ్‌పెట్ అనో ఏసీపీఐ పీఎం అనో కనిపించినప్పుడు. కెర్నల్‌లో క్లాక్‌సోర్స్ వాచ్‌డాగ్ ఒకటి ఉంటుంది. టీఎస్‌సీ ఇంకో టైమర్‌తో సరిపోవడం లేదని తోస్తే, టీఎస్‌సీని అన్‌స్టేబుల్ అని ముద్రవేసి కింది రకానికి దిగిపోతుంది. రద్దీ హోస్ట్ మీద సీపీయూ సమయానికి అందక, టీఎస్‌సీ తప్పేమీ లేకపోయినా ఈ ముద్ర పడొచ్చు. కెర్నల్ సందేశాలు చూపించే డీమెసేజ్‌లో ఒక్క వరుసగా కనిపించి పోయే ఈ మార్పు ఖరీదు మాత్రం పెద్దది. హెచ్‌పెట్‌ని చదివిన ప్రతిసారీ వీఎం ఆగి, అదుపు హైపర్‌వైజర్‌కి వెళ్లి రావాలి. టైమ్ అడగడమే పనిగా ఉండే డేటాబేస్‌లు, జావా అప్లికేషన్లు ఉన్నట్టుండి నెమ్మదించి, కారణం ఎక్కడా దొరకదు. అమెజాన్ పాత జెన్ ఇన్‌స్టెన్స్‌లలో జెన్ క్లాక్‌సోర్స్ వల్ల ఇలాంటి భారమే పడేది. టైమ్ అడిగిన ప్రతిసారీ సిస్టమ్ కాల్ కెర్నల్ దాకా వెళ్లాల్సి వచ్చేది. టీఎస్‌సీకి మార్చుకున్నవాళ్లకి ఆ భారం తగ్గింది.

సరిగ్గా 5:30 తేడా

మన దేశంలో వీఎంలు నడిపేవాళ్లకి ఎదురయ్యే తప్పుల్లో ఇది ప్రత్యేకం. గుర్తుపట్టడం చాలా తేలిక. ఆర్‌టీసీలో ఉన్న టైమ్ యూటీసీ (మన టైమ్ కన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక కాలం) అని లైనక్స్ అనుకుంటుంది. అది స్థానిక కాలమని విండోస్ అనుకుంటుంది. లిబ్‌వర్ట్‌లో క్లాక్ ఆఫ్‌సెట్ 'యూటీసీ' అని ఉన్న వీఎంలో విండోస్ వేస్తే, మన టైమ్ ఉదయం 10 గంటలప్పుడు ఆర్‌టీసీలో 4:30 ఉంటుంది. విండోస్ దాన్ని మన స్థానిక కాలంగా తీసుకుని తెల్లవారుజామున నాలుగున్నర అని చూపిస్తుంది. దీనికి తిరగేసి, 'లోకల్‌టైమ్' అని ఉన్న వీఎంలో లైనక్స్ బూట్ చేస్తే, ఆర్‌టీసీలో ఉన్న 10 గంటలని యూటీసీ అనుకుని మధ్యాహ్నం మూడున్నర అంటుంది. వెనకయినా ముందయినా తేడా 19,800 సెకన్లు. అమెరికాలోనో యూరప్‌లోనో అయితే డేలైట్ సేవింగ్ వల్ల ఈ తేడా సీజన్‌ని బట్టి మారుతుంది. మనకి అది లేదు కాబట్టి ఏడాదంతా ఒకటే అంకె. తేడా సరిగ్గా ఐదున్నర గంటలుంటే డ్రిఫ్ట్ (గడియారం మెల్లగా పక్కకి జరగడం) గురించి, ఎన్‌టీపీ సర్వర్ గురించి వెతకనక్కర్లేదు. వీఎం నిర్వచనంలోని ఒక్క మాట చూస్తే చాలు. విండోస్‌కి లోకల్‌టైమ్, లైనక్స్‌కి యూటీసీ.

ఈ తప్పుకి చేసే అడ్డదారి వైద్యం అసలు జబ్బు కన్నా ప్రమాదం. టైమ్ జోన్ మారుస్తూ పోయి, స్క్రీన్ మీద అంకె సరిపోయేదాకా తిప్పేవాళ్లు ఉన్నారు. కనిపించే అంకె సరిపోతుంది, లోపలి యూటీసీ మాత్రం ఐదున్నర గంటలు తప్పే ఉంటుంది. కెర్బెరాస్ చూసేది యూటీసీని. సర్టిఫికెట్లు, టోకెన్లు చూసేదీ దాన్నే. టైమ్ సర్వీస్ పనిచేస్తుంటే మొదటి సింక్‌తో ఈ తేడా సర్దుకుపోవచ్చు. అప్పుడు కూడా బూట్ అయిన మొదటి కొన్ని క్షణాల లాగ్ వరుసలు ఐదున్నర గంటలు అటో ఇటో పడి ఉంటాయి. ఏదైనా చొరబాటు మీద విచారణ చేసేటప్పుడు ఆ వరుసలే కావాల్సి వస్తే ఎవరికీ అర్థం కావు.

ఆగి లేచిన గడియారం

మామూలు క్రిస్టల్ 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) తప్పిందనుకుంటే రోజుకి 4.32 సెకన్ల తేడా. డేవిడ్ మిల్స్ రూపొందించి 1985లో తొలి ప్రమాణంగా వచ్చిన ఎన్‌టీపీ ఇలాంటి తేడాని మెత్తగా సర్దడంలో దిట్ట. ఎన్‌టీపీని నడిపే ప్రోగ్రాం ఎన్‌టీపీడీ, గడియారాన్ని దూకించకుండా, వేగాన్ని ఎక్కువలో ఎక్కువ 500 పీపీఎం మార్చి దారికి తెస్తుంది. ఆ లెక్కన ఒక్క సెకను సరిచేయడానికి 2,000 సెకన్లు, అంటే అరగంట పైమాటే. తేడా 128 మిల్లీసెకన్లు దాటి అలాగే నిలిస్తే ఒక్కసారిగా దూకిస్తుంది. 1,000 సెకన్లు దాటితే ఇక నమ్మకం లేదని తనే ఆగిపోతుంది. అదే పని చేసే ఇంకో ప్రోగ్రాం క్రోనీ ఇంకా చురుకైనది, దాని డిఫాల్ట్ స్ల్యూ (దూకించకుండా మెల్లగా సర్దే) వేగం సుమారు 83,333 పీపీఎం దాకా వెళ్తుంది. చాలా డిస్ట్రిబ్యూషన్లు ఇచ్చే కాన్ఫిగరేషన్‌లో 'మేక్‌స్టెప్ 1.0 3' అన్న వరుస ఉంటుంది. తేడా ఒక సెకను దాటితే దూకించు, కానీ క్రోనీ మొదలయ్యాక మొదటి మూడు అప్‌డేట్లలోనే అని దాని అర్థం.

ఇప్పుడు రాత్రి 8 గంటలు సస్పెండ్‌లో ఉన్న వీఎంని ఉదయం లేపితే ఏమవుతుందో చూడండి. గెస్ట్‌కి కాలం అసలు నడవనే లేదు. పడుకున్న క్షణం తర్వాతి క్షణంలో లేచినట్టే దానికి లెక్క. గడియారం 28,800 సెకన్లు వెనక ఉంది. ఎన్‌టీపీడీ అయితే 1,000 దాటింది కాబట్టి ఆగిపోతుంది. క్రోనీ ఆగిపోదు. కానీ మొదటి మూడు అప్‌డేట్లు ఎప్పుడో నిన్ననే అయిపోయాయి కాబట్టి దూకించదు, తన గరిష్ఠ వేగంతో దిద్దుతుంది. సెకను సరిచేయడానికి 12 సెకన్లు పడితే, 28,800 సెకన్లకి 3,45,600 సెకన్లు. సరిగ్గా నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ సర్వీస్ 'నడుస్తోంది' అనే మానిటరింగ్‌లో కనిపిస్తుంది. రెండు ప్రోగ్రాములూ తమకి చెప్పినట్టే చేశాయి. ఆగి లేచే మెషీన్‌ని అవి ఊహించలేదంతే.

విండోస్ ల్యాప్‌టాప్‌లలో, లోపల లైనక్స్‌ని వీఎంగా నడిపే డబ్ల్యూఎస్‌ఎల్2 వాడే డెవలపర్లని చాలాకాలం వేధించింది ఇదే. మూత వేసి తీస్తే లోపలి లైనక్స్ వెనకబడి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ తాజా జాబితా తెచ్చే ఆప్ట్ అప్‌డేట్ కొడితే రిపాజిటరీ ఫైలు ఇంకా చెల్లదంటుంది. గడియారం వెనక ఉంది కాబట్టి ఇవాళ్టి ఫైలు దాని కంటికి రేపటిది. ఇలాంటప్పుడు చాలామంది హెచ్‌డబ్ల్యూక్లాక్ కమాండ్‌తో ఆర్‌టీసీ నుంచి టైమ్ తెచ్చుకునేవాళ్లు. ఆ చిట్కా ఎందుకు పనిచేస్తుందో కేవీఎంలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. వీఎం ఆగినా, క్యూఈఎంయూ చూపించే ఆర్‌టీసీ మామూలుగా హోస్ట్ గడియారాన్ని బట్టి నడుస్తూనే ఉంటుంది. వెనకబడేది గెస్ట్ కెర్నల్ గడియారం ఒక్కటే. అందుకే గెస్ట్ ఏజెంట్ (హోస్ట్ చెప్పిన పనులు లోపల చేసే చిన్న ప్రోగ్రాం) వేసుకున్న వీఎంలో, హోస్ట్ నుంచి లిబ్‌వర్ట్ వాళ్ల వర్ష్ డామ్‌టైమ్ కమాండ్‌ని సింక్ ఆప్షన్‌తో కొడితే, ఏజెంట్ లోపల ఆర్‌టీసీ చూసి సిస్టమ్ టైమ్‌ని సరిచేస్తుంది. సస్పెండ్, స్నాప్‌షాట్ రివర్ట్ చేసే ప్రతి స్క్రిప్ట్ చివర ఈ ఒక్క వరుస ఉండాలి. స్నాప్‌షాట్ రివర్ట్‌లో అయితే వీఎం గంటలు కాదు, వారాలు నెలలు వెనక్కి లేస్తుంది.

ఇంకో దారి క్రోనీలో మేక్‌స్టెప్ లెక్కని 3 బదులు మైనస్ 1 చేయడం, అంటే ఎప్పుడైనా దూకించవచ్చనడం. ల్యాబ్ మెషీన్లకి, వెబ్ సర్వర్లకి ఇది మేలు. డేటాబేస్‌ల దగ్గర ఆలోచించి చేయాలి. కసాండ్రాలో ఒకే గడికి రెండు విలువలు వస్తే టైమ్‌స్టాంప్ పెద్దదే గెలుస్తుంది. వెనకబడ్డ మెషీన్ నుంచి వచ్చిన కొత్త విలువ, ఎర్రర్ కూడా లేకుండా, పాత విలువ కింద పడి పోతుంది. కాక్రోచ్‌డీబీ ఇలాంటిదాన్ని సహించదు. దాన్ని కలిసి నడిపే మెషీన్ల (నోడ్‌ల) మధ్య ఒప్పుకునే గరిష్ఠ తేడా డిఫాల్ట్‌గా 500 మిల్లీసెకన్లు. కనీసం సగం నోడ్‌లతో తేడా అందులో 80 శాతం దాటిన నోడ్ తనంతట తనే ఆగిపోతుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ నడిచే వీఎంలని సస్పెండ్ చేయకపోవడమే సరైన పద్ధతి. తప్పనప్పుడు ముందు సర్వీస్ ఆపి, లేపి, టైమ్ సరిచూసి, అప్పుడు సర్వీస్ మొదలుపెట్టాలి. లైవ్ మైగ్రేషన్‌లో కూడా చివరి దశలో వీఎం కాసేపు ఆగుతుంది. మెమరీ ఎక్కువ మారుతున్న వీఎంలలో ఆ విరామం పెరుగుతుంది.

అప్లికేషన్ రాసేవాళ్ల వంతు కూడా ఉంది. రెండు సంఘటనల మధ్య ఎంతసేపైందో కొలవడానికి గోడ గడియారం (తేదీ, టైమ్ చూపించే సిస్టమ్ గడియారం) వాడకూడదు. టైమ్ దూకినప్పుడల్లా టైమ్‌ఔట్‌లు తప్పుతాయి, తీసివేస్తే రుణ సంఖ్యలొస్తాయి. దానికి, ఇలా దూకని, వెనక్కి పోని మోనోటోనిక్ క్లాక్ ఉంది.

దిద్దే చెయ్యి ఒక్కటే

వీఎంవేర్ టూల్స్‌లో హోస్ట్ టైమ్‌తో సింక్ చేసే సౌకర్యం ఉంది. హైపర్‌-వీలో ఇంటిగ్రేషన్ సర్వీస్ ఉంది. వర్చువల్‌బాక్స్ గెస్ట్ అడిషన్స్‌లో ఉంది. ఇవి నడుస్తూ, గెస్ట్‌లో ఎన్‌టీపీ కూడా నడిస్తే, ఒకే గడియారాన్ని ఇద్దరు దిద్దుతున్నట్టు. ఎన్‌టీపీ గడియారం వేగాన్ని గమనించి, దాని గుణం నేర్చుకుని దిద్దుతుంది. మధ్యలో ఇంకొకరు చెయ్యి పెడితే అది నేర్చుకున్నదంతా తప్పవుతుంది. కాబట్టి ఒక్కరినే ఎంచుకోవాలి. ఎవరిని ఎంచుకున్నా, ఆగి లేచినప్పుడు సరిచేసే ఏర్పాటు విడిగా ఉండాలి. వీఎంవేర్‌లో ఈ రెంటినీ వేరుగానే పెట్టారు. ఎప్పటికప్పుడు జరిగే సింక్‌ని ఆపేసినా, రిజ్యూమ్, స్నాప్‌షాట్ లాంటి సందర్భాల్లో ఒక్కసారి సరిచేసే పని కొనసాగుతుంది. పూర్తిగా ఆపాలంటే టైమ్ డాట్ సింక్రనైజ్ అని మొదలయ్యే సెట్టింగులని ఒక్కొక్కటీ ఆపాలి. ఈ సంగతి తెలియక, సింక్ ఆప్షన్ పక్కన టిక్ మార్కు తీసేశాం కదా అనుకున్నవాళ్ల వీఎంలు, ఎన్‌టీపీ లేని వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్ హోస్ట్ మీదికి వెళ్లి స్నాప్‌షాట్ తీయగానే హోస్ట్ తప్పు టైమ్‌ని తెచ్చుకుంటాయి. అలాగని ఆ సెట్టింగులన్నీ ఆపేయడం మందు కాదు. హోస్ట్‌ల మీద ఎన్‌టీపీ సరిగ్గా పెట్టడమే మందు. గెస్ట్‌ల గురించి ఎంత జాగ్రత్తపడ్డా, హోస్ట్ గడియారం తప్పితే ఏదో ఒక దారిలో అది లోపలికి వస్తుంది.

కంపెనీ మెషీన్లని, లాగిన్‌లని ఒకచోట నుంచి నడిపే మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీలో ఇది వలయంగా మారుతుంది. డొమైన్ మెషీన్లన్నీ డొమైన్ కంట్రోలర్ (లాగిన్‌లని సరిచూసే సర్వర్) నుంచి టైమ్ తీసుకుంటాయి. హైపర్‌-వీ హోస్ట్ కూడా డొమైన్‌లో ఉంటే అదీ అక్కడి నుంచే తీసుకుంటుంది. ఆ డొమైన్ కంట్రోలరే వీఎంగా ఆ హోస్ట్ మీద నడుస్తూ, ఇంటిగ్రేషన్ సర్వీస్ ద్వారా హోస్ట్ నుంచి టైమ్ తీసుకుంటుంటే, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కలిసి తప్పుతారు. అసలు కాలం ఆ వలయంలోకి ఎక్కడి నుంచీ రాదు. డొమైన్‌కంతా టైమ్‌కి మూలమైన పీడీసీ ఎమ్యులేటర్ పాత్రలో ఉన్న కంట్రోలర్‌కి బయటి ఎన్‌టీపీ సర్వర్ ఇచ్చి ఈ వలయాన్ని తెంపాలి. హైపర్‌-వీ ఇంటిగ్రేషన్ సర్వీస్‌ని పూర్తిగా తీసేయడం కన్నా, గెస్ట్‌లోని విండోస్ టైమ్ సర్వీస్‌లో హోస్ట్ టైమ్ తీసుకునే వీఎంఐసీ టైమ్ ప్రొవైడర్ ఒక్కదాన్ని ఆపడం మంచిది. అప్పుడు నిద్ర లేచినప్పుడు వచ్చే సాయం పోకుండా, రోజువారీ పోటీ మాత్రం పోతుంది.

కేవీఎంలో హోస్ట్ టైమ్‌ని గెస్ట్‌కి అందించే చక్కని దారి పీటీపీ-కేవీఎం మాడ్యూల్. 2017లో లైనక్స్ 4.11తో వచ్చింది. హోస్ట్ గడియారం గెస్ట్‌లో ఒక పీటీపీ డివైస్‌గా (టైమ్ చదువుకునే పరికరంగా) కనిపిస్తుంది. క్రోనీ కాన్ఫిగరేషన్‌లో ఆ డివైస్‌ని రెఫ్‌క్లాక్‌గా (ఆధార గడియారంగా) ఇస్తే, నెట్‌వర్క్ ఆలస్యాల బాధ లేకుండా హోస్ట్‌ని దగ్గరగా అనుసరిస్తుంది. ఇందులో ఇద్దరు దిద్దడం లేదు. హోస్ట్ చూపిస్తుంది, క్రోనీ ఒక్కటే దిద్దుతుంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో లైనక్స్ వీఎంలకి ఇదే తరహా ఏర్పాటు, హైపర్‌-వీ పీటీపీ డివైస్‌తో. అమెజాన్‌లో 169.254.169.123 అన్న లోపలి చిరునామా దగ్గర 2017 నుంచి టైమ్ సర్వీస్ ఉంది, ఇంటర్నెట్‌కి వెళ్లకుండానే అందుతుంది.

క్లౌడ్ టైమ్ సర్వర్లని బయటివాటితో కలిపేటప్పుడు ఒక సంగతి చూసుకోవాలి. లీప్ సెకను (భూమి తిరిగే వేగానికి సరిపోయేలా యూటీసీకి అప్పుడప్పుడు కలిపే సెకను) వచ్చినప్పుడు అమెజాన్, గూగుల్ సర్వీసులు దాన్ని ఒక్కసారిగా చూపించకుండా, యూటీసీ మధ్యాహ్నం నుంచి మర్నాటి మధ్యాహ్నం దాకా 24 గంటల మీద పూసేస్తాయి. ఆ నడుమ అలా పూయని సర్వర్‌తో పోలిస్తే తేడా అర సెకను దాకా వెళ్తుంది. రెండు రకాలనీ ఒకే కాన్ఫిగరేషన్‌లో రాస్తే ఎవరి మాట నమ్మాలో క్రోనీకి తెలియదు. చివరి లీప్ సెకను మనకి 2017 జనవరి 1 ఉదయం 5:29:59 తర్వాత వచ్చింది. 2035 కల్లా ఈ పద్ధతిని మానేయాలని 2022లో అంతర్జాతీయంగా నిర్ణయించారు. ఈలోగా ఇంకోటి రాదని మాత్రం ఆ నిర్ణయం హామీ ఇవ్వదు.

మన దేశంలో సర్వర్ ఎంచుకోవడం ఇష్టానికి వదిలేసిన విషయం కూడా కాదు. సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు తమ సిస్టమ్‌ల గడియారాలని ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల ఎన్‌టీపీ సర్వర్లతో, లేదా వాటితో ముడిపడిన సర్వర్లతో సింక్ చేయాలి. పలు దేశాల్లో మెషీన్లున్నవాళ్లు వేరే ప్రామాణిక సర్వర్లు వాడుకోవచ్చు, కానీ అవి ఈ రెంటి నుంచి తేడా పడకుండా చూసుకోవాలి. అవే ఆదేశాలు లాగ్‌లని 180 రోజులు దాచమన్నాయి, భద్రతా సంఘటనలని 6 గంటల్లో తెలపమన్నాయి. గంటల లెక్కన జరిగే విచారణలో వీఎం లాగ్‌లు నాలుగు రోజుల పాటు మెల్లగా సర్దుకుంటున్న గడియారంతో రాసినవైతే, అవి దాచి ఉన్నా వరుస తేలదు.

కాన్ఫిగరేషన్ సరిగ్గా ఉందో లేదో ఫైలు చూసి తేల్చడం కన్నా వీఎంని ఆపి చూడటం నయం. ప్రొడక్షన్‌లో కాకుండా అదే ఇమేజ్‌తో చేసిన ఇంకో వీఎంని వర్ష్ సస్పెండ్‌తో 10 నిమిషాలు ఆపి, రిజ్యూమ్ చేసి, లోపల క్రోనీ స్థితి చూపించే క్రోనీసీ ట్రాకింగ్ కమాండ్ కొట్టి చూడాలి. లేవగానే అది పాత అంకెలే చూపించవచ్చు, సర్వర్‌ని మళ్లీ అడిగేదాకా క్రోనీకి కూడా ఏమీ తెలియదు. తర్వాత 'సిస్టమ్ టైమ్' అన్న వరుసలో 600 సెకన్లకి దగ్గరగా తేడా కనిపించి, అది మెల్లగా తగ్గుతుంటే, పూర్తిగా పోవడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. మేక్‌స్టెప్ మొదటి మూడు అప్‌డేట్లకే పరిమితమై ఉందనీ, లేచినప్పుడు సరిచేసేవాళ్లెవరూ లేరనీ దాని అర్థం. రెఫ్‌క్లాక్ ఉండి, మేక్‌స్టెప్ మైనస్ 1 ఉంటే, కొద్ది సెకన్లలోనే ఆ 600 మాయమవుతుంది.